టేకు గుంజకు చెదలా?

ప్రశ్న: పందిరికి పాతిన టేకు గుంజలు నేలమట్టం దగ్గర మెత్తబడ్డాయి, పైన చెదల మట్టి గొట్టాలున్నాయి. టేకుకు చెదలు పట్టవంటారు కదండీ?

జవాబు 1: పట్టనిది చేవకు, అంటే చెట్టు నడిమి ముదురు చెక్కకు. అంచున లేత రంగులో ఉండే తెల్లచెక్క ఏ జాతిదైనా మన్నదు. చేవలో టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు చెదలకు గిట్టవు. తెల్లచెక్కలో అవి ఉండవు, పైగా పురుగులకు తిండయ్యే పిండిపదార్థం, చక్కెరలు ఉంటాయి. లేత చెట్టయితే చేవ తక్కువ, ఉన్నదీ అంత గట్టిది కాదు. మెత్తబడ్డచోట ఉలితో గీకండి. గట్టి గోధుమరంగు తగిలితే గుంజ బతికినట్టే.

జవాబు 2: మెత్తబడటం కుళ్లు, అది వేరే సంగతి. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్లు శిలీంధ్రం పెరగదు. నేలమట్టం దగ్గర తేమా గాలీ రెండూ దొరుకుతాయి, అందుకే అక్కడే మొదలు. కాంక్రీటులో పాతితే ఇంకా నయమనుకుంటారు. నీళ్లు గుంతలో నిలిచి మరీ పాడవుతుంది. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ఇనుప కాలు బిగించి, గుంజ మొదలు నేలకు 15 సెంటీమీటర్లు పైన ఉంచండి.

ప్రశ్న: బోరాక్స్ (వెలిగారం) ద్రావణం పూస్తే?

జవాబు 1: వానకు కడుక్కుపోతుందండీ. ఇంటి లోపలి చెక్కకైతే సరే. బయటికి రాగి కలిసిన మందు. అడ్డకోత చివర్లకు రెండుసార్లు, నీళ్లు పీల్చేది అక్కడే.