టీడీఎస్ 460 చూపిస్తోంది, అయినా పిల్లలకు విరేచనాలు. మా బోరు నీళ్లలో తప్పెక్కడుంది?

కొత్త సెక్రటరీ:
అందరికీ నమస్కారం. తిరుపతిలో అవిలాల దాటాక చిన్న లేఔట్ మాది, 38 ఇళ్లు. కార్పొరేషన్ నీళ్లు మా దాకా ఇంకా రాలేదు, సొంత బోరే దిక్కు. 700 అడుగుల బోరు. నీళ్లు సంపులో పడతాయి, అక్కడి నుంచి మోటారుతో 30 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి పొద్దున గంటన్నర, సాయంత్రం గంట ఇళ్లకు వదులుతాం. వాచ్‌మన్ వారానికోసారి గుప్పెడు బ్లీచింగ్ చల్లుతాడు. ఎవరి గుప్పెడో, ఎంత గుప్పెడో దేవుడికే తెలియాలి. నేను సెక్రటరీ అయి నాలుగు నెలలే, ఎవరూ ముందుకు రాకపోతే నా నెత్తిన పెట్టారు.

పోయిన నెల వానలు పడ్డాక మూడు ఇళ్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడిళ్లూ చివరి వీధిలోవే. ముందు మీ నీళ్ల సంగతి చూసుకోండి అన్నాడు డాక్టరు. మీటింగ్ పెడితే ఒక పెద్దాయన జేబులోంచి పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తీసి గ్లాసులో ముంచి, 460 ఉంది, 500 దాటలేదు, నీళ్లు బంగారం అని తేల్చేశాడు. సగం మంది ఇంట్లో ఆర్ఓ ఉంది కదా మనకేం అంటున్నారు, మిగతా సగం అందరికీ కలిపి పెద్ద ఆర్ఓ ప్లాంటు పెట్టాలంటున్నారు, దానికి ఇంటికి పదివేలు పడుతుంది. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి, వాసన లేదు. నాకు రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాత ఏఈ:
సెక్రటరీ గారూ, ముందు ఆ మీటరు జేబులో పెట్టేసుకోమనండి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చెబుతుంది, అంతే. డ్రైనేజీ నీళ్లు ఒక చెంబెడు కలిసినా ఆ అంకె పెద్దగా కదలదు. 460 ఉన్న నీళ్లతో కలరా రావచ్చు, 900 ఉన్న నీళ్లు తాగి హాయిగా ఉండొచ్చు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్‌కు 500 అని రాసి, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చన్నారు. మలంలోంచి వచ్చే ఈ.కోలి క్రిమికి మాత్రం అలాంటి సడలింపు లేదు, 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

మీరు రాసిన దాంట్లో నాకు పట్టిన మాట ఒకటే, మూడిళ్లూ చివరి వీధిలోవే అన్నారు చూడండి, అది. బోరులోనో ట్యాంకులోనో తేడా ఉంటే అన్ని వీధుల్లోనూ పడిపోవాలి. రోజుకు రెండున్నర గంటలు వదిలి ఆపేస్తున్నారు కదా, వాల్వు కట్టగానే పైపుల్లో నీళ్లు పల్లానికి జారిపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ బయట ఉన్నదాన్ని పీలుస్తుంది. పైపుకు జాయింటు దగ్గర సన్నటి చీలిక ఉండి, దాని చుట్టూ మురుగు నిలిస్తే అదే లోపలికి పోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందె ఎవరు పట్టుకుంటే వాళ్లకే ఆ ప్రసాదం. చివరి వీధిలో పైపు మురుగు కాలువ పక్కన గాని, కాలువలోంచి గాని పోతోందా? వాల్వు ఛాంబర్లో నీళ్లు నిలిచి ఉన్నాయా? ఈ రెండూ ఈ సాయంత్రమే చూడండి.

ఇక బ్లీచింగ్. గుప్పెడు లెక్క మానండి. మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే మీ ట్యాంకు నిండా ఉంటే 75 గ్రాములు. ట్యాంకు నింపిన ప్రతిసారీ వేయాలి, వారానికోసారి వేస్తే మిగతా ఆరు రోజులు ఏమీ లేనట్టే. పొడి అలాగే చల్లొద్దు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రం ట్యాంకులో పోసి, అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. కొత్త బస్తాలో 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, మూతి తెరిచి మోటారు రూములో మూణ్ణెల్లు పెడితే అది బ్లీచింగ్ కాదు, ఒట్టి సున్నం. ఎంత వేశామన్నది కాదు, చివరి ఇంటి కుళాయిలో ఎంత మిగిలిందన్నదే లెక్క. అక్కడ క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మిగిలిన క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు కొనుక్కోండి, నీళ్లలో దాని మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, వెంటనే రంగు పోల్చుకోవాలి, ఆలస్యం చేస్తే తప్పు చూపిస్తుంది.

చిత్తూరు పద్మక్క:
అన్నా, మా అపార్ట్‌మెంట్లో ఇదే కథ. మేం ఏడాది పాటు ట్యాంకు కడిగించాం, ఫిల్టర్లు మార్చాం, తేడా లేదు. చివరికి ఒకరోజు సంపు మూత ఎత్తించి మొబైల్ లైటు వేసి చూశాను. మూత కింద గోడ మీద వేలెడు వెడల్పున బురద చార, పైనుంచి నీటిమట్టం దాకా. చార మీద చీమలు వరసగా దిగుతున్నాయి. మా సంపు మూత పార్కింగ్ నేలతో సమానంగా ఉంది, అక్కడే కార్లు కడుగుతారు, అక్కడే కుక్కలు పడుకుంటాయి. వాన పడితే అదంతా మా నీళ్లలోకే! చుట్టూ అడుగు ఎత్తు కట్ట కట్టించి, కట్టను కప్పేలా మూత పెట్టించాం. తర్వాత సంపు తోడేసి, పదివేల లీటర్లకు రెండు కిలోల బ్లీచింగ్ లెక్కన కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున బయటికి వదిలేశాం. ఆ నీళ్లు ఎవరూ వాడకూడదని ప్రతి తలుపూ కొట్టి చెప్పాం, అయినా ఒకావిడ బట్టలు నానబెట్టి రంగు పోగొట్టుకుని నాతో మాట్లాడటం మానేసింది.

ఆర్ఓ ఉంది కదా అనే వాళ్లను ఒక్క మాట అడగండి, పిల్లలు పళ్లు ఏ నీళ్లతో తోముకుంటున్నారు, కొత్తిమీర ఏ నీళ్లతో కడుగుతున్నారు అని.

పీలేరు కుర్రోడు:
బ్లీచింగ్ నీళ్లు తాగితే క్యాన్సర్ అని వాట్సాప్‌లో వచ్చింది కదా సార్? మా ఇంట్లో అందుకే వద్దంటారు.

పాత ఏఈ:
క్లోరిన్ నీళ్లలోని ఆకు అలముతో కలిస్తే కొన్ని పదార్థాలు పుడతాయన్నది నిజమే తమ్ముడూ. చెరువు నీళ్లతో పోలిస్తే బోరు నీళ్లలో ఆ చెత్త తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ భయంతో క్లోరిన్ వేయడం మానొద్దనే చెబుతుంది. వాట్సాప్ పంపినాయనకు విరేచనాలు పట్టుకుంటే తెలుస్తుంది.

ల్యాబ్ మనిషి:
ఇంకో సంగతి. క్లోరిన్ క్రిములకే పనికొస్తుంది. మన వైపు గ్రానైట్ రాళ్లలో బోర్లు కాబట్టి ఫ్లోరైడ్, చుట్టూ సెప్టిక్ ట్యాంకులుంటే నైట్రేట్, ఈ రెండూ తప్పకుండా చేయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, నైట్రేట్ 45 దాటకూడదు. పాలసీసా తాగే పిల్లలకు నైట్రేట్ ప్రమాదం. మరిగిస్తే పోతాయనుకోవద్దు, నీళ్లు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. ఇవి ఎక్కువని తేలితే అప్పుడు ఆర్ఓ ప్లాంటు మాట మాట్లాడండి, ముందు కాదు.

క్రిముల పరీక్షకు బిస్లరీ సీసాలో పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. అది కుదరదు. ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సీసాలోనే పట్టాలి, లోపల క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది, కడగకూడదు. కుళాయి మూతి శుభ్రంగా తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి పట్టి, ఐసు పెట్టి అదే రోజు తెచ్చివ్వండి. బోరు దగ్గర ఒకటి, సంపులో ఒకటి, ట్యాంకు కింద ఒకటి, చివరి ఇంట్లో ఒకటి, మొత్తం నాలుగు. ఒక్కటే తెస్తే నీళ్లు చెడ్డాయని తెలుస్తుంది గాని ఎక్కడ చెడ్డాయో తెలియదు. అంతవరకు ఆగలేకపోతే ఇంట్లోనే క్రిముల పరీక్ష చేసుకునే హెచ్2ఎస్ సీసాలు కొనండి, గీత దాకా నింపి ఒకటి రెండు రోజులు పక్కన పెడితే నీళ్లు నల్లబడితే కథ తెలిసినట్టే. నల్లబడలేదని మాత్రం పూర్తిగా నమ్మేయకండి.

కొత్త సెక్రటరీ:
అందరికీ థ్యాంక్స్. నాలుగు రోజులైంది, చెబుతాను. హెచ్2ఎస్ సీసాలు నాలుగు చోట్లా పట్టి మా షూ ర్యాకు మీద వరసగా పెట్టాను. మర్నాడు సాయంత్రానికి చివరి ఇంటిది ఒక్కటే కాటుకలా నల్లగా మారింది, మిగతా మూడూ అలాగే ఉన్నాయి. ఆ సీసా ఫోటో గ్రూపులో పెట్టాక టీడీఎస్ పెద్దాయన ఇప్పటిదాకా మాట్లాడలేదు. ప్లంబరును పిలిచి చివరి వీధి వాల్వు ఛాంబర్ మూత తీయిస్తే మోకాలి లోతు నల్లటి నీళ్లు, వాల్వు మునిగిపోయి ఉంది. పక్కింటి వంటింటి మురుగు పైపు పగిలి అందులోకే దిగుతోంది. రేపు తోడించి వాల్వు మారుస్తున్నాం, ఛాంబర్ గోడలు పైకి లేపుతున్నాం. ఆ వీధికి అప్పటిదాకా నీళ్లు బంద్, ట్యాంకర్ చెప్పాను, తాగేవి మరిగించుకోమన్నాను. మిగతా వీధులకు 75 గ్రాముల లెక్క మొదలైంది, వాచ్‌మన్‌కు కిరాణా కొట్టు తూకం ఒకటి కొనిచ్చాను. ల్యాబ్ సీసాలు సోమవారం తీసుకెళ్తాను. పాత ఏఈ గారూ, వాల్వు మార్చాక ఆ వీధి పైపును ఎంతసేపు క్లోరిన్ నీళ్లతో నింపి ఉంచాలి?

పాత ఏఈ:
పద్మమ్మ సంపుకు చెప్పిన లెక్కే పైపుకూ, రాత్రంతా. పొద్దున చివరి కుళాయిలన్నీ తెరిచి ఘాటు వాసన పోయేదాకా వదిలేయండి. తర్వాత ఇంకో హెచ్2ఎస్ సీసా పరీక్ష అదే ఇంట్లో పెట్టండి, అది తేటగా ఉంటేనే ట్యాంకర్ మానండి.