ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నేత్ర శస్త్రచికిత్స పీజీ: విద్యార్థి చేసే ఆపరేషన్ల సంఖ్యను బట్టి నిర్ణయించుకోవాలా?

నీలిమ (చర్చ ప్రారంభం):
నేత్రవైద్యంలో పీజీ శిక్షణకు దరఖాస్తు చేయడానికి రెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను పరిశీలిస్తున్నాను. మొదటిదానికి పెద్ద ఆసుపత్రి, అధునాతన పరికరాలు, పేరున్న ఆచార్యులు ఉన్నారు. అయితే కోర్సు ముగిసేలోగా ఒక్కొక్క విద్యార్థి స్వయంగా ఎన్ని శుక్లాల ఆపరేషన్లు చేస్తారని అడిగితే సూటిగా సమాధానం రాలేదు. రెండోది చిన్న విభాగమే గాని, గత బృందం లాగ్‌బుక్కులను (విద్యార్థులు తాము చేసిన ఆపరేషన్లను నమోదు చేసే పుస్తకాలను) పేర్లు తొలగించి చూపించడానికి ఒప్పుకుంది. ఈ ఒక్క కారణంతో మొదటిదాన్ని వదులుకోవడం సమంజసమేనా?

వేణుమాధవ్:
సమంజసమేనని నా అభిప్రాయం. ప్రైవేటు ఆసుపత్రికి వచ్చే రోగి సాధారణంగా ఫలానా వైద్యుడి హస్తవాసిని నమ్మి, ఆయనే ఆపరేషన్ చేస్తారన్న భరోసాతో రుసుము చెల్లిస్తాడు కనుక, ఆ కంటిని శిక్షణలో ఉన్నవారికి అప్పగించడానికి రోగీ ఇష్టపడడు, యాజమాన్యమూ ఇష్టపడదు. అందువల్ల రోజంతా ఆపరేషన్లు జరిగే థియేటర్‌లో కూడా విద్యార్థి సహాయకుడి మైక్రోస్కోపులోంచి చూస్తూ, కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) ఆరిపోకుండా ద్రవం పోస్తూ కోర్సు ముగించే పరిస్థితి రావచ్చు. ఆసుపత్రిలో జరిగే మొత్తం ఆపరేషన్ల సంఖ్య విద్యార్థి నేర్చుకునేదానికి కొలమానం కాదు.

విద్యార్థి స్వయంగా చేసినవాటిని లెక్కించే పద్ధతి ఇప్పటికే ఉంది. అమెరికాలో రెసిడెన్సీలను (మన పీజీ లాంటి వైద్య శిక్షణలను) గుర్తించే సంస్థ ఏసీజీఎంఈ ప్రతి విద్యార్థీ ప్రధాన శస్త్రవైద్యుడిగా కనీసం 86 శుక్లాల ఆపరేషన్లు, 10 మెల్లకన్ను ఆపరేషన్లు చేయాలని నియమం పెట్టింది. బ్రిటన్‌లో నేత్రవైద్యుల సంస్థ అయిన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆఫ్తాల్మాలజిస్ట్స్ ఏడేళ్ల శిక్షణకు 350 శుక్లాల ఆపరేషన్లను ప్రమాణంగా పెట్టుకుంది. శిక్షణ కాలాలు వేరు కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు; కానీ లెక్క చెప్పాల్సిన బాధ్యత విభాగానిదేనన్న సూత్రం రెండు చోట్లా ఒకటే. ఆ లెక్క అడిగితే మాట దాటవేసే విభాగానికి జీవితంలోని విలువైన సంవత్సరాలను అప్పగించవద్దు.

సుధారాణి:
వేణుమాధవ్ గారు చెప్పిన సూత్రాన్ని నేను కాదనను. సంఖ్యను చివరి తీర్పుగా తీసుకోవడంతోనే నా విభేదం. ఫేకో పద్ధతిలో (శుక్లం పట్టిన కటకాన్ని చిన్న కోత ద్వారా ముక్కలుచేసి తీసే ఆపరేషన్‌లో) కార్నియా అంచున చిన్న కోత పెట్టడం, కటకం ముందు పొరను గుండ్రంగా తొలగించడం, ద్రవంతో కటకాన్ని విడదీయడం, గట్టిపడిన మధ్యభాగాన్ని ముక్కలుచేసి పీల్చడం, మిగిలిన మెత్తని పదార్థాన్ని శుభ్రం చేయడం, కృత్రిమ కటకాన్ని అమర్చడం అనే దశలు ఉంటాయి. మంచి గురువులు చాలామంది చివరి దశల నుంచి మొదలుపెట్టి వెనక్కి నేర్పుతారు, ఎందుకంటే ముందు పొరను తొలగించేటప్పుడు చీలిక పక్కకు పాకితే ఆ తరువాతి ప్రతి దశా కష్టమవుతుంది. ఇప్పుడు ఒక విద్యార్థి వంద కళ్లలో కటకం అమర్చడం మాత్రమే చేసి లాగ్‌బుక్కులో వంద అని రాసుకోవచ్చు. మరొకరు నలభై ఆపరేషన్లను మొదటి నుంచి చివరి దాకా తానే చేసి, మూడింటిలో కటకం వెనుక పొర చిరిగితే ముందుకు వచ్చే విట్రియస్‌ను (కంటి లోపలి జిగురు పదార్థాన్ని) ఎలా తొలగించాలో గురువు పక్కనుండగా నేర్చుకొని ఉండవచ్చు. నేనైతే రెండోవారికే నా కంటిని అప్పగిస్తాను.

ఇంకొక సంగతి. బ్రిటన్‌లో మొదటి రెండేళ్ల శిక్షణార్థులు చేసిన ఆపరేషన్లలో వెనుక పొర చిరిగే రేటు 2009లో 4.2 శాతం ఉండగా 2015 నాటికి 2.6 శాతానికి తగ్గింది. సిమ్యులేటర్ల (ఆపరేషన్‌ను అభ్యాసం చేయించే యంత్రాల) వాడకం విస్తరించిన కాలం అదే. మొదటి విశ్వవిద్యాలయంలో సిమ్యులేటరూ, వెట్ ల్యాబ్ (జంతువుల కళ్లు లాంటివాటిపై అభ్యాసం చేసే గది) కూడా ఉండి, వాటికి వారంలో నిర్దిష్టమైన వేళలు కేటాయిస్తే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. యంత్రం తాళంవేసిన గదిలో ఉందా, విద్యార్థుల చేతుల్లో ఉందా అన్నది మాత్రం అక్కడి పీజీలనే అడిగి తెలుసుకోవాలి.

వేణుమాధవ్:
దశల గురించి సుధారాణి గారు చెప్పినది సరైనదే. కానీ దశలవారీ వివరాలు లాగ్‌బుక్కు చూపించినప్పుడే బయటపడతాయి కదా. సంఖ్యే చెప్పని విభాగం దశల వివరాలు చెబుతుందని నేను నమ్మలేను. సిమ్యులేటర్ తొలి తప్పులను తగ్గిస్తుంది. రోగి అకస్మాత్తుగా కదిలినప్పుడు, కంటిపాప సరిగా విచ్చుకోనప్పుడు ఏం చేయాలో మాత్రం థియేటర్‌లోనే వంటబడుతుంది.

రహీం:
ఈ చర్చలో రోగి ఊసు తక్కువగా వచ్చిందని చెప్పక తప్పదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు విద్యార్థుల కోసం ఉచిత లేదా తక్కువ రుసుము వార్డులను ఏర్పాటు చేసి, అక్కడి రోగుల మీదే శిక్షణ జరిపించడం సర్వసాధారణం. డబ్బు చెల్లించలేనివారి కళ్లు మాత్రమే నేర్చుకోవడానికి పనికివస్తాయన్న భావన మనలో పాతుకుపోతే, ఎన్ని వందల ఆపరేషన్లు చేసినా ఆ శిక్షణలో లోపం ఉన్నట్టే. శిక్షణలో ఉన్న వైద్యుడు గురువు పర్యవేక్షణలో ఆపరేషన్ చేస్తాడని అంగీకారపత్రంలో రాసి ఉందా, రోగికి అర్థమయ్యే మాటల్లో చెబుతున్నారా, మొదటి కోత నుంచి చివరి దాకా గురువు రెండో మైక్రోస్కోపు దగ్గరే కూర్చుంటారా అన్నవి నీలిమ గారు రెండు చోట్లా అడగాలి. పర్యవేక్షణ లేకుండా వదిలేసే విభాగం లాగ్‌బుక్కులో అందరికంటే పెద్ద సంఖ్య కనిపించే అవకాశం ఉంది కాబట్టి, పెద్ద సంఖ్యను చూసినప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం.

నీలిమ:
రహీం గారి ప్రశ్న నాకు తట్టలేదు, కృతజ్ఞతలు. మొదటి విశ్వవిద్యాలయానికి మళ్లీ రాస్తాను. వాళ్లు విభాగం కొత్తదని, ఇంకా ఏ బృందమూ బయటికి రాలేదని అంటే ఏం చేయాలి?

సుధారాణి:
అలాగైతే పాత లెక్క ఉండదు, అది తప్పు కాదు. బదులుగా రెండో సంవత్సరం నుంచి పీజీలకు వారంలో ఏయే రోజులు థియేటర్ కేటాయిస్తారో, ఆ రోజుల్లో ఏ ఆచార్యులు పక్కన ఉంటారో రాతపూర్వకంగా అడగండి. ఫీజు కట్టే గడువుకు ముందే ఆ కాగితం చేతికి రావాలి.

వేణుమాధవ్:
రాకపోతే రెండో విశ్వవిద్యాలయంలోనే చేరండి.