ఫాంటసీ డ్రాఫ్ట్‌లో 9వ పిక్ పడింది, రన్నింగ్ బ్యాక్‌ని తీసుకోవాలా వద్దా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అన్నలూ, మా ఆఫీస్‌లో అమెరికా టీమ్‌తో కలిపి 12 మందిమి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఫాంటసీ లీగ్ పెట్టుకున్నాం, నిజం ఆటగాళ్ళని ఎంచుకుంటే వాళ్ళ ఆటని బట్టి మనకి పాయింట్లు, డబ్బుల్లేవ్, లాస్ట్ వచ్చినోడు అందరికీ బిర్యానీ తినిపించాలి అంతే. స్నేక్ డ్రాఫ్ట్ (ఒక రౌండ్ 1 నుంచి 12 దాకా, తర్వాతిది 12 నుంచి వెనక్కి), ఫుల్ పీపీఆర్. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) అంటేనే భయమేస్తోంది ఎందుకంటే 2024లో ఫస్ట్ పిక్ నాదే, ఫార్టీనైనర్స్ టీమ్ బ్యాక్ మెక్‌కాఫ్రీని తీసుకున్నా, వాడు సీజన్ మొత్తంలో ఆడింది 4 మ్యాచ్‌లు, బిర్యానీ నేనే పెట్టా. అసలు వీళ్ళ విలువ ఏం చూసి కడతారు? నేనైతే పోయిన సీజన్ యార్డులు చూసి లిస్ట్ రాసుకున్నా.

బెంచ్_బాబాయ్:
ఆ లిస్ట్ చింపెయ్ తమ్ముడూ. ఫుల్ పీపీఆర్‌లో క్యాచ్‌కో పాయింట్, పరుగుకైతే 10 యార్డులకి ఒకటి, అంటే చిన్న పాస్ పట్టుకుని అక్కడే పడిపోయినా 10 యార్డులు పరిగెత్తినోడితో సమానం. 2024లో డెరిక్ హెన్రీ 1921 యార్డులు పరిగెత్తాడు కానీ క్యాచ్‌లు 19. మీ మెక్‌కాఫ్రీ 2019లో 116 పట్టాడు. క్యాచ్‌ల దగ్గరే 97 పాయింట్ల తేడా, హెన్రీ ఆ ఏడాది పరిగెత్తి కొట్టిన 16 టచ్‌డౌన్లు, ఒక్కోటి 6 పాయింట్లు, మొత్తం కలిపినా 96! హెన్రీ వేస్ట్ అనట్లేదు, నువ్వు చూడాల్సింది థర్డ్ డౌన్‌లో (మూడో ప్రయత్నం, పాస్‌లు ఎక్కువ పడేది అప్పుడే) ఎవడుంటాడు, గోల్ లైన్ (దాటితే టచ్‌డౌన్) దగ్గర బంతి ఎవడికిస్తారు అని, రెండూ ఒకడికే ఇస్తే కళ్ళు మూసుకుని తీసుకో. ఇంకోటి, 30 దాటినోళ్ళ జోలికి పోకు.

మియాపూర్_మామ:
బాబాయ్, హెన్రీకి ఆ 1921 కొట్టినప్పుడు 30 ఏళ్ళే, మర్చిపోయినవా 😄 వయసు కన్నా ముంగట లైన్ ఎట్లుందో చూడాలె. బార్క్‌లీ అనే బ్యాక్ 2023ల జెయింట్స్ టీమ్‌కి 962 యార్డులు, ఈగల్స్‌కి పొయినంక 2024ల 2005. మనిషి గదే, కాళ్ళు గవే, ముంగట దారి చేసేటోళ్ళు మారిండ్రు. ఇగ నీ పిక్ సంగతి, 9 తర్వాత నీకు మళ్ల 16 వస్తది, నడుమ 6గురు పోతరు. ఆ 6గురు పొయినంక మిగిలే బ్యాక్‌కి, ఇప్పుడు దొరికే బ్యాక్‌కి ఎంత తేడా ఉంటదో చూడు, రిసీవర్లల్ల (పాస్‌లు పట్టేటోళ్ళు) గూడ గదే లెక్క చూడు, ఏడ పాయింట్లు ఎక్కువ పడిపోతున్నయో ఆడ ముందు పట్టు. నేనైతే 9ల రిసీవర్‌నే పడ్త.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
ఇది బాగుంది మామా, ఇట్లా ఎప్పుడూ ఆలోచించలే. మరి దెబ్బ తగిలితే ఏంటి పరిస్థితి?

అల్వాల్_అమ్మాయి:
అందరూ మన టైమ్ సంగతి వదిలేస్తున్నారు. 2024 మొదటి వారం గుర్తుందా, ఫార్టీనైనర్స్ మ్యాచ్ మనకి మంగళవారం పొద్దున 5:45కి. మెక్‌కాఫ్రీ ఆడట్లేదని పక్కా అయింది మ్యాచ్‌కి గంటన్నర ముందు, అంటే 4:15, అప్పుడు ఇక్కడ పాలవాడు కూడా లేవడు. వాడి బదులు దిగిన జోర్డన్ మేసన్ 28 సార్లు బంతి తీసుకుని 147 యార్డులు, ఒక టచ్‌డౌన్. మా లీగ్‌లో మేసన్ ఎవరి దగ్గరా లేడు, డల్లాస్‌లో ఉన్న మా కజిన్ సోఫాలో కూర్చుని ఒక్క నొక్కుడుతో ఎత్తుకుపోయాడు, నేను లేచేసరికి నా లైనప్‌లో మెక్‌కాఫ్రీ పక్కన సున్నా. అప్పట్నుంచి పెద్ద బ్యాక్‌ని తీసుకుంటే వాడి బ్యాకప్‌ని కూడా ఆఖరి రౌండ్లలో తీసుకుని బెంచ్‌లో పడేస్తున్నా. అమెరికాలో ఉన్నోళ్ళకి అది వేస్ట్ సీటేమో, మనకి కాదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అక్కా 4:15కి నేను షిఫ్ట్ అయిపోయి క్యాబ్‌లోనే ఉంటా, ఫోన్ చేతిలోనే ఉంటది... 2024లో ఆ టైమ్‌కి నిద్రపోయానని ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతోంది 😭

మియాపూర్_మామ:
గట్లయితే నీ క్యాబ్ రూట్ చెప్పు, నన్ను గూడ లేపు.