అప్‌డేట్: పొటాషియం సెన్సర్ రీడింగ్ ఎందుకు పైకి పాకుతోందో తెలిసింది

వాలినోమైసిన్ (పొటాషియాన్ని ఎంచి పట్టుకునే అణువు) ఉన్న పొరతో చేసిన పొటాషియం ఎలక్ట్రోడ్, అంటే ద్రావణంలో పొటాషియం ఎంతుందో వోల్టేజీగా చూపే సెన్సర్, పలుచని ద్రావణాల్లో నిలకడగా ఉండడం లేదని, రీడింగ్ మెల్లగా పైకి పాకుతోందని అడిగాను కదా. జవాబిచ్చినవారిలో చాలామంది పొరనే అనుమానించారు. పాపం, దాని తప్పేమీ లేదు. దొంగ పక్కనే ఉన్నాడు: పోల్చి చూసేందుకు స్థిరమైన వోల్టేజీ ఇచ్చే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లోని గాఢమైన పొటాషియం క్లోరైడ్ సన్నగా కారి, మనం కొలవాల్సిన అయాన్‌నే నమూనాలో కలుపుతోంది. ఒకరు సూచించినట్టు రెండు గదుల రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ తెచ్చి, నమూనాను తాకే బయటి గదిలో పొటాషియం లేని లిథియం ఎసిటేట్ నింపాను. పాకడం ఆగిపోయింది. ఇప్పుడు గాఢత పదిరెట్లయితే 57 మిల్లీవోల్టుల మార్పు వస్తోంది; గాఢతను బట్టి వోల్టేజీ ఎంత ఉండాలో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద రావాల్సింది 59.2.

నమూనాలోని సోడియాన్ని కూడా సెన్సర్ పొటాషియంగా లెక్కపెట్టదా అని అడిగినవారికి: వాలినోమైసిన్ అణువు వలయంలా చుట్టుకుని ఆరు ఆక్సిజన్లతో పొటాషియాన్ని పట్టుకుంటుంది. సోడియం అయాన్ చిన్నది, ఆ ఆక్సిజన్లన్నిటికీ సరిగ్గా అందదు. పైగా తనను చుట్టుకున్న నీటిని అంత సులువుగా వదలదు. స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసే ఈ అణువు కణత్వచం గుండా పొటాషియాన్ని మోసుకుపోతుంది; సెన్సర్‌లో పొర పీవీసీదే అయినా పొటాషియాన్ని ఎంచి పట్టుకునే గుణం అదే. కొత్త పొరను మాత్రం రాత్రంతా పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టాకే వాడండి.