"నేను సైతం" అని మొదలుపెడితే అనుకరణేనా?

ఇక్కడ పెట్టే కవితల్లో "నేను సైతం" తరచూ కనిపిస్తోంది, దాన్ని ప్రభావం అనాలా కాపీ అనాలా అని వాదన నడుస్తోంది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందు అసలు పాదం చూడండి. శ్రీశ్రీ 1933లో రాసిన 'జయభేరి'. నేను / సైతం / ప్రపం / చాగ్నికి / సమిధ / నొక్కటి... మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం). ఇది గురజాడ 1910లో "గుత్తునా ముత్యాల సరములు" అంటూ నడిపించిన నడకే. శ్రీశ్రీ ఆ అప్పు దాచుకోలేదు, గురజాడ అడుగుజాడ అని గొంతెత్తి చెప్పాడు. అంతకుముందు 1928 నాటి కవితల పుస్తకం 'ప్రభవ'లో ఆయనదీ ప్రేమ, విరహం పాడుకునే భావకవుల బాటే. అప్పట్లో కుర్రకవులు కృష్ణశాస్త్రి విరహంతో పాటు ఆయన గిరజాల జుట్టు కూడా పట్టుకున్నారు!

అంటే అనుకరణతో మొదలవడం తప్పేం కాదు. నా బాధంతా మనం ఏం తీసుకుంటున్నామన్నదే. 'జయభేరి'లో అగ్ని, సమిధ, ఆహుతి అంటూ యజ్ఞభాష మోగుతుండగానే "ఆకలేసీ కేకలేశానే" అని ఇంట్లో మాట వచ్చి పడుతుంది, చదువుతుంటే ఒళ్ళు జలదరించేది నాకు అక్కడే. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. దాన్ని వదిలేసి, సభలో చప్పట్లు పడతాయని తెలిసిన మొదటి పాదాన్నే ఎత్తుకుంటున్నాం, కింద మన సొంత అనుభవం ఒక్కటీ ఉండదు, అయినా వారం తిరక్కుండా లైకులు, శాలువా, పెద్దకవితో ముందుమాట అన్నీ కావాలి.

గుర్తింపు కోరుకోవడాన్ని నేను తప్పుపట్టను, చదివేవాళ్ళు లేకుండా ఎవరు మాత్రం రాస్తారు. కానీ 1933 నాటి ఆ కవిత 'మహాప్రస్థానం' పుస్తకంగా చేతికి వచ్చింది 1950లో. ఈలోగా పత్రికల్లో చదివినవాళ్ళు, నోటికి తెచ్చుకున్నవాళ్ళు దాన్ని బతికించారు.

కొత్తగా రాస్తున్నవాళ్ళకి నా మనవి ఒకటే. "నేను సైతం" కొట్టేసి మిగతాది పైకి చదువుకోండి, నిలబడితే పంపండి. ఇవాళ్టి మాటలతో ఆ మూడు-నాలుగు నడకని బాగా పట్టుకున్న పాదాలు ఎవరివైనా మీ దృష్టికి వస్తే ఇక్కడ పెట్టండి, మాత్రలు లెక్కకట్టి మాట్లాడుకుందాం.