ఉప్పు ద్రావణంలో ముడుచుకున్న ఉల్లిపొర కణాలు నీటిలో తిరిగి ఉబ్బడం లేదు

ఎర్ర ఉల్లిపాయ బాహ్యచర్మపు పలుచని పొరను స్లైడుపై 1 మోలార్ (లీటరుకు 1 మోల్ గాఢత గల) సోడియం క్లోరైడ్, అంటే ఉప్పు, ద్రావణంలో ఉంచితే, సుమారు 5 నిమిషాల్లో కణద్రవ్యం కణకవచం నుంచి విడివడి, ఊదారంగు రిక్తికతో (కణం లోపల రసంతో నిండిన సంచితో) సహా లోపలికి ముడుచుకుంటోంది. అంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్లే జరుగుతోంది. చిక్కంతా ఆ తరువాతే: కవర్ స్లిప్ ఒక అంచున స్వేదన జలం వేసి, రెండో అంచున వడపోత కాగితంతో ఉప్పు ద్రావణాన్ని పీల్చివేసినప్పుడు, చాలా కణాలు తిరిగి ఉబ్బడానికి బదులు హఠాత్తుగా రంగు కోల్పోతున్నాయి. వర్ణకం బయటికి వచ్చేస్తోందంటే త్వచం (కణద్రవ్యాన్ని కప్పి ఉంచే పలుచని పొర) చిట్లినట్లే అనుకోవాలి.

ఉప్పులో ఉంచే సమయాన్ని 2 నిమిషాలకు తగ్గించినా, వేరే ఉల్లిపాయ వాడినా, స్వేదన జలానికి బదులు కుళాయి నీరు వేసినా ఫలితం మారలేదు. 0.6 మోలార్ సుక్రోజ్ (చక్కెర) ద్రావణంలో మాత్రం అధిక భాగం కణాలు కోలుకున్నాయి. సోడియం క్లోరైడ్ రెండు అయాన్లుగా విడిపోవడం వల్ల 1 మోలార్ ఉప్పు ద్రావణపు ద్రవాభిసరణ పీడనం (త్వచం గుండా నీటిని లాగే శక్తి) ఆ సుక్రోజ్ కంటే చాలా ఎక్కువ కాబట్టి, ఈ తేడా ఆశ్చర్యమేమీ కాదు. అయితే ఈ ప్రయోగాన్ని ఉప్పుతోనే చూపవలసి ఉంది.

త్వచం చిట్లకుండా కణాలు పూర్వస్థితికి రావాలంటే, ఉప్పు ద్రావణాన్ని ఏయే గాఢతల మీదుగా, ఒక్కొక్క దశలో ఎన్ని నిమిషాలు ఉంచి పలుచన చేయాలి?