ఒక్క చెట్టుకే చోటున్నప్పుడు ఆలస్యంగా పండే ఆపిల్ పెంచవచ్చా?

పెరటిమొక్క: ఇంటి వెనుక ఒక్క ఆపిల్ అంటుకే చోటుంది. పూత తరువాత గాలా రకం కాయ 4 నెలలలోపే కోతకు వస్తుందనీ, ఫ్యూజీకి 160 నుంచి 180 రోజులు పడుతుందనీ చదివాను. అంతకాలం ఆగడంలో లాభం ఉందా?

అంటుకత్తి: తప్పకుండా ఉంది. చెట్టు నిండా కాయలు రెండు మూడు వారాల తేడాలోనే పక్వానికి వస్తాయి. ముందుగా పండే రకాలు కోసిన కొద్దిరోజులకే మెత్తబడి పిండిలా తయారవుతాయి కనుక ఆ కాపులో సగం పంచిపెట్టడానికే పోతుంది. ఫ్యూజీ, గ్రానీ స్మిత్ వంటివాటిని తొడిమతో సహా కోసి, సున్నా డిగ్రీలకు కాస్త పైన నిలవ చేస్తే నెలల తరబడి గట్టిగా ఉంటాయి.

ఆకుమచ్చ: అంత చల్లని చోటు ఎంతమంది ఇళ్లలో ఉంది? ఇంటి ఫ్రిజ్‌లో చెట్టు కాపంతా పట్టదు. పైగా కాయ చెట్టుమీద ఎన్నాళ్లుంటే పురుగుకు అన్నాళ్లు విందు. కాడ్లింగ్ మాత్ అనే చిమ్మెట లార్వా కాయలోకి తొలుచుకుంటూ గింజల దాకా పోతుంది; ఏడాదికి రెండు మూడు తరాలు వచ్చే చోట చివరి తరం దాడి చేసేది ఇంకా కొమ్మనున్న ఈ ఆలస్యపు కాయల మీదనే.

అంటుకత్తి: పురుగు సంగతి కాదనను, అయితే ఎమ్9 వంటి పొట్టి వేరుమూలం (చెట్టును పొట్టిగా ఉంచే, అంటు కట్టే అడుగు మొక్క) మీద కట్టిన చెట్టు సుమారు 3 మీటర్లు దాటదు కనుక ప్రతి పిందెకూ కాగితపు సంచి తొడగవచ్చు. ఫ్రిజ్ చాలదన్న అభ్యంతరానికి జవాబు పిందెలు ఏరివేయడంలోనే ఉంది. ఫ్యూజీ ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ముఖం చాటేసే రకం. పూత రాలిన నెలలోపు గుత్తికి ఒక్క పిందెనే ఉంచి, కాయకూ కాయకూ ఒక జానెడు ఎడం ఇస్తే రెండు చిక్కులూ తగ్గుతాయి. చేతులు రావు గానీ, చేయక తప్పదు.

కొమ్మకత్తెర: పురుగు, ఫ్రిజ్ తరువాతి మాట. పూత మొదలు గడ్డకట్టే చలి దాకా మీకు ఎన్ని రోజులున్నాయో ముందు లెక్కించండి. పింక్ లేడీ పేరుతో అమ్ముడయ్యే క్రిప్స్ పింక్‌కు సుమారు 200 రోజులు కావాలి. దాదాపు మైనస్ 2 డిగ్రీలకు కాయ కండ గడ్డకడుతుంది. ఇక, ఒంటరి ఫ్యూజీ తన పుప్పొడితో తాను సరిగా కాయదు. అందుచేత దానికే ఒక గాలా కొమ్మ అంటు కట్టండి. రెండింటి పుప్పొడి ఒకదానికొకటి పనికివస్తుంది, రెండు విడతల కాయలూ దొరుకుతాయి.

ఆకుమచ్చ: ఆ ఏర్పాటుకు నేనూ ఒప్పుకుంటాను. అయితే ఏటా కత్తిరింపులో రెండింటినీ సరితూచకపోతే బలమైన రకం రెండోదాన్ని కమ్మేస్తుంది. గాలా కొమ్మను ఎండ బాగా తగిలే వైపే కట్టండి.